బాయికి రెండు దారులు.. సర్కారు సర్వర్‌కు రెండో దారేది?

బాయి దిగే కార్మికునికి ఎవరూ చెప్పనక్కరలేని ముచ్చట ఒకటుంది. భూగర్భ గనికి రెండు దారులుండాలె. ఒకటి కూలినా, పొగతోనో నీళ్లతోనో నిండినా, ఇంకోదాంట్ల నుంచి పాణంతో బయటపడాలె. ఇది ఏ దొర దయా కాదు, చట్టం. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లో ఉంది, 2017లో కొత్త నిబంధనలు తెచ్చినప్పుడూ ఉంది. రెండో దారి లేని బాయిలోకి పనికి పొమ్మంటే కాసిపేట గనిలో చదువురాని కార్మికుడు కూడా 'నేను దిగ' అంటడు.

మరి మన జీతం, మన పింఛన్, మన పట్టాపాసుబుక్కు, మన కరెంటు బిల్లు, మన పిల్లల మార్కుల మెమో.. ఇవన్నీ ఇప్పుడు దిగుతున్న బాయి ఒకటుంది. దాని పేరు సర్వర్. అది ఎక్కడుందో మనకు తెల్వదు. దాని రెండో దారి ఎక్కడుందో అసలే తెల్వదు. అడిగితే 'అది క్లౌడ్‌లో ఉంది' అంటరు. మబ్బుల్లో ఏమీ లేదు తమ్ముళ్లూ. ఉన్నది నేల మీదనే. ఎవరిదో భూమిలో, ఎవరిదో బొగ్గుతో పుట్టిన కరెంటు మీద, ఎవరిదో నీళ్లతో చల్లబడుతూ నడుస్తున్నది.

ఆ భూమి హైదరాబాద్ చుట్టూ ఉంది. ఆ బొగ్గూ ఆ నీళ్లూ ఎక్కడివో మనకు ఒకరు చెప్పాల్నా?

ఒకే దెబ్బకు నాలుగు కంపెనీలు

2019 ఏప్రిల్ నెలాఖరున జరిగిన ముచ్చట చాలామంది మరిచిపోయారు. మన ఉత్తర తెలంగాణకు కరెంటిచ్చే ఎన్పీడీసీఎల్, దక్షిణాన ఎస్పీడీసీఎల్, అటు ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు, దక్షిణ డిస్కంలు.. నాలుగింటి వెబ్‌సైట్లూ ఒక్కసారే పడిపోయాయి. బిల్లు కట్టే యాప్‌లు మూగబోయాయి. రాన్సమ్‌వేర్ అన్నారు. అంటే ఇంట్లోకి దొంగ వచ్చి సొమ్ము ఎత్తుకపోడు. మన బీరువాకే వాడి తాళం వేసి, చెవి కావాలంటే బిట్‌కాయిన్లలో పైసలు పంపమంటడు. సరఫరా ఆగలేదు, వేరే చోట కాపీలుండబట్టి లెక్కలు దక్కాయి, మెల్లగా అన్నీ మళ్లీ లేచాయి. అక్కడికి సంతోషమే. కాపీలు పెట్టిన ఆ ఉద్యోగులకు దండం పెట్టాల్సిందే.

కాని అడగవలసిన ప్రశ్న ఆనాడు ఎవరూ గట్టిగా అడగలేదు. 2014 జూన్ 2న రాష్ట్రాలు రెండయ్యాయి. అప్పుల లెక్కలు పంచుకున్నం, ఉద్యోగులను పంచుకున్నం, కరెంటు వాటాల మీద కోర్టుల దాకా పోయినం. అయిదేండ్ల తర్వాత చూస్తే రెండు రాష్ట్రాల నాలుగు కంపెనీలు ఒకే దెబ్బకు పడ్డాయి! ఎందుకు? వాటి వెబ్ వ్యవస్థలను చూసేది ఒకే పెద్ద ఐటీ కంపెనీ అని అప్పుడే పత్రికల్లో వచ్చింది. అంటే ఇంటి మధ్య గోడ కట్టుకున్నంగాని రెండిండ్ల తాళంచెవి ఒకే గుత్తకు వేలాడుతున్నది.

ఇది ఆంధ్ర, తెలంగాణ పంచాయితీ కాదు. అట్ల మలిపితే అసలు దొంగ తప్పించుకుంటడు. కొట్టినోడికి మన సరిహద్దులతో పనిలేదు. పంచాయితీ ఏందంటే, ప్రజల సొత్తు మీద కాపలా పనిని టెండరు పిలిచి తక్కువ ధర కోట్ చేసినోడికి అప్పజెప్పే అలవాటు. బాయిలో పర్మనెంట్ కార్మికుడు తగ్గి కాంట్రాక్టు కార్మికుడు పెరిగినట్టే, సర్కారు ఆఫీసుల్లో కంప్యూటర్ పని మొత్తం ఔట్‌సోర్సింగ్ అయిపోయింది. చేసేవాడు మన పిల్లగాడే, కాదనను. ఏడాదికోసారి రెన్యూవల్ కోసం కాంట్రాక్టర్ ముఖం చూసే పిల్లగాడికి 'సార్, ఈ సర్వర్ పాతదైంది, దీనికి రంధ్రం ఉంది' అని పై ఆఫీసర్‌కు రాసే ధైర్యం ఎక్కడినుంచి వస్తది? రాస్తే ఉద్యోగం పోతది. రాయకుంటే మన లెక్కలు పోతయి.

నేను స్వయంగా చూసింది ఒకటి చెప్తా. మా దిక్కు ఒక ఆఫీసు, పేరెందుకు. ఏదో సర్టిఫికెట్ కోసం పోయి నిలబడ్డ. కౌంటర్ ఎనక గోడకు దేవుడి క్యాలెండర్. దాని కింద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో లాగిన్, పాస్‌వర్డ్! లైన్‌లో ఉన్న ముప్పై మందిమీ చదువుకున్నం. అక్కడున్న పిల్లను 'ఇదేందమ్మా' అంటే, 'నలుగురం మారుతుంటం అన్నా, అందరికీ ఒకటే ఐడీ ఇచ్చిన్రు' అన్నది. తప్పు ఆ పిల్లది కాదు. బాయిలో టోకెన్ పద్ధతి ఎందుకు పెట్టారు? దిగినోడు ఎవరు, ఎక్కినోడు ఎవరు అని పేరుపేరునా లెక్క ఉండాలని. నలుగురికి ఒకే టోకెన్ ఇచ్చి బాయిలోకి పంపే మేనేజర్‌ను డీజీఎంఎస్ ఊకుంటదా? ఇక్కడ మాత్రం అడిగే దిక్కులేదు.

చిన్న రంధ్రం, పెద్ద నష్టం

వ్యాపారులకూ ఇది పరాయి ముచ్చట కాదు. హైదరాబాద్‌లోని మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సంగతి చూడండి. 2022 జనవరిలో హ్యాకర్లు లోపలికి చొరబడి రూ.12 కోట్లకు పైగా సొమ్మును వందలాది ఖాతాల్లోకి మళ్లించి ఊడ్చుకుపోయారు. ఎట్ల వచ్చారంటే, అంతకు ముందు నవంబరులోనే ఉద్యోగులకు దొంగ మెయిళ్లు పంపారు. ఎవరో ఒకరు తెరిచారు. అంతే. ఆ బ్యాంకు భద్రతా ఏర్పాట్లలో నిర్లక్ష్యం ఉందని పోలీసులే చెప్పారు. 2023లో రిజర్వ్ బ్యాంకు దానిమీద రూ.65 లక్షల జరిమానా వేసింది. పోయిన సొమ్ముతో పోలిస్తే ఆ జరిమానా ఎంత? పండుగ పూట చిల్లర.

అమెరికాలో 2021 మే నెలలో కలోనియల్ పైప్‌లైన్ అనే కంపెనీ రోజుల తరబడి పెట్రోలు పంపలేక మూతపడింది. కారణం వాడకంలో లేని ఒక పాత అకౌంట్. దాని పాస్‌వర్డ్ దొరికింది, రెండో తాళం లేదు. 75 బిట్‌కాయిన్లు కక్కాల్సి వచ్చింది. రిటైరైన కార్మికుని టోకెన్ వాపసు తీసుకోకపోతే ఏమైతదో అదే అయింది.

'గివన్నీ మాకెందుకు, మాది కిరాణ దుకాణం' అనే సేటుకు ఒక్క మాట. మంచిర్యాల రైస్‌మిల్లు లెక్కలు ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయా? రాత్రి ఆ కంప్యూటర్ కాలిపోతే పొద్దున రైతుకు ఎంతియ్యాలో చెప్పగలరా? చెప్పలేకపోతే హ్యాకర్ దాకా పోనక్కరలేదు, ఎలుక చాలు. మూడు కాపీలు, రెండు రకాల సామానులో, ఒకటి ఊరి బయట. ప్రపంచమంతా చెప్పే సూత్రం ఇంతే. దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు, ఒక హార్డ్‌డిస్క్, ఒక నమ్మకమైన బావమరిది ఇల్లు ఉంటే చాలు.

కాని ఒక దేశం ఈ మాట మరిచింది. మనకంటే వందరెట్లు కంప్యూటర్ తెలివి ఉన్న దక్షిణ కొరియా! 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. తపాలా, గుర్తింపు సేవలు మూలకుపడ్డాయి. ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలి బూడిదయింది. 858 టెరాబైట్లు. బయట కాపీ లేదు. మరీ పెద్దది కాబట్టి కాపీ పెట్టలేదట! ఏండ్ల తరబడి చేసిన నౌకరీ మొత్తం ఒక్కరాత్రి పొగయింది. దీన్ని ఎవడో దొంగ చెయ్యలేదు. బ్యాటరీ చేసింది. ఉద్యోగ సోదరులారా, ఈ ఒక్క వార్తను కత్తిరించి మీ యూనియన్ ఆఫీసు గోడకు అంటించండి.

గని కార్మికులకు ఈ పాఠం పుట్టుకతో వచ్చింది. ప్యానెల్‌లో బొగ్గు వేడెక్కితే ఏం చేస్తారు? బాయి మొత్తం వదిలి పారిపోరు. ఆ ప్యానెల్‌కు ఇటుక గోడలు, స్టాపింగులు కట్టి మూసేస్తారు. మంట పక్క ప్యానెల్‌కు పాకదు, మిగతా బాయి నడుస్తది. కంప్యూటర్ నెట్‌వర్క్‌కు కావలసింది గదే. జీతాల సర్వర్ వేరు, టర్బైన్ నడిపే కంప్యూటర్ వేరు, వాటి మధ్య గోడ. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో మాల్‌వేర్ దొరికినప్పుడు అది ఆఫీసు నెట్‌వర్క్ కంప్యూటర్‌లోనే ఉంది, ప్లాంటు నడిపే వ్యవస్థను తాకలేదు అన్నారు. గోడ ఉండబట్టే ఆ మాట అనగలిగారు. 2021 మార్చిలో మన ట్రాన్స్‌కో, జెన్‌కోల మీద విదేశీ హ్యాకర్ల కన్ను పడిందని కేంద్రంలోని సెర్ట్-ఇన్ హెచ్చరించింది, మనోళ్లు అడ్డుకున్నామన్నారు. ప్రతిసారీ హెచ్చరిక ముందే వస్తదన్న పూచీ ఉందా?

ఇంకో ముచ్చట చెప్పక ఉండలేను. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే పురుగు మెర్స్క్ అనే పెద్ద ఓడల కంపెనీని కొరికింది. ముంబయి పక్కన ఉన్న నవశేవా రేవులో దాని టెర్మినల్ కూడా ఆగింది. ప్రపంచమంతటా ఆ కంపెనీ నెట్‌వర్క్‌కు ఆయువుపట్టయిన సర్వర్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్కటి మిగిలింది. ఎక్కడ? ఆఫ్రికాలోని ఘనాలో. ఎందుకు మిగిలింది? ఆ టైముకు అక్కడ కరెంటు పోయింది! పేద దేశపు కరెంటు కోత కోటీశ్వరుల కంపెనీని బతికించింది. 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో హ్యాకర్లు సబ్‌స్టేషన్ల స్విచ్‌లు తీసి రెండు లక్షలకు పైగా కనెక్షన్లకు చీకటి చేసినప్పుడు కూడా, కొన్ని గంటల్లో వెలుగు తెచ్చింది సాఫ్ట్‌వేర్ కాదు. సబ్‌స్టేషన్లకు ఉరికి చేత్తో స్విచ్‌లు వేసిన లైన్‌మెన్లు. చేతిపని తెలిసిన కార్మికుణ్ని ఇంటికి పంపి 'ఆటోమేషన్' అని మురిసే సార్లకు ఇది ఎవరైనా చెప్పాలె.

బొగ్గు ఇక్కడ, చల్లగాలి అక్కడ

ఇగ డేటా సెంటర్ల కాడికి వద్దాం. 2016లో తెలంగాణ సర్కారు డేటా సెంటర్ పాలసీ తెచ్చింది. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌కు రూ.15,000 కోట్ల పెట్టుబడి ప్రకటించింది. అదే ఏడు నవంబరులో అమెజాన్ తన హైదరాబాద్ రీజియన్‌ను మొదలుపెట్టింది, 2025 జనవరిలో దావోస్‌లో మరో రూ.60,000 కోట్ల ఒప్పందం అన్నది. అదే వేదిక మీద కంట్రోల్-ఎస్ 400 మెగావాట్ల క్లస్టర్‌కు రూ.10,000 కోట్లు అన్నది. చందన్‌వెల్లి, మేకగూడ పేర్లు పేపర్లకెక్కాయి. అటు విశాఖకు 2025 అక్టోబరులో గూగుల్ 1500 కోట్ల డాలర్లు ప్రకటించింది. మంచిదే. రానీయండి.

ఒక్క లెక్క మాత్రం మనం చేసుకుందాం. 400 మెగావాట్లు ఏడాది పొడుగునా నిండుగా వాడితే సుమారు 350 కోట్ల యూనిట్లు. అంతా థర్మల్ కరెంటే అనుకుంటే, యూనిట్‌కు ముప్పావు కిలో కంటే కొంచెం తక్కువ బొగ్గు వేసుకున్నా ఏటా 24 లక్షల టన్నులు. సోలార్ కొంటామంటారు, కొననీయండి. రాత్రిపూట సర్వర్ నిద్రపోదు, సూర్యుడు నిద్రపోతడు. రామగుండం, జైపూర్ పొయ్యిలు రాత్రంతా కాలవలసిందే. సింగరేణి 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. తీసిన కార్మికులెందరు? ఒకనాడు లక్ష దాటిన పర్మనెంట్ కార్మికులు ఈనాడు నలభై వేల పైచిలుకు. బొగ్గు పెరిగింది, కొలువు తరిగింది.

నీళ్లు? శ్రీపాద ఎల్లంపల్లి మన గడపలోనే ఉంది. గోదావరి రెండు ఒడ్డుల ఊళ్లు మునిగితే అది నిండింది. 2015 చివరి నుంచి హైదరాబాద్ గొంతు తడుపుతున్నది ఆ నీళ్లే. తాగే నీళ్లకు అడ్డం చెప్పే పాపిష్టి మాట మేం అనం. కాని మహానగరంలో సర్వర్లను చల్లబరిచే నీళ్లు ఎన్ని, ఎక్కడివి అని అడిగే హక్కు మునిగిన ఊరికి లేదా?

2011లో సకల జనుల సమ్మె నాడు నేను డిగ్రీ చదువుతున్న. సెప్టెంబరు 13 నుంచి సింగరేణి బాయిలు మూసి నెలకు పైగా కార్మికులు జీతం లేకుండా కూసున్నారు. బొగ్గు ఆగితే రాజధానికి చీకటి పడ్డది. అప్పుడు అందరికీ అర్థమయింది, నగరపు స్విచ్ ఎక్కడుందో. ఇప్పుడు ఆ స్విచ్ మీద ఇంకో కొత్త మహల్ కడుతున్నారు. మేం అడిగేది మహల్ కూలగొట్టమని కాదు. అందులో మా గది ఏదని.

'అయితే కాసిపేటలో డేటా సెంటర్ పెట్టమంటవా' అని ఎక్కిరించే దోస్తులున్నారు. పెట్టమనను. తెలివితక్కువ డిమాండ్‌తో మన నోరు మనమే మూయించుకోవద్దు. కింద బొగ్గు తీసి డొల్లయిన నేల కుంగుతది. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్ అదురు, దుమ్ము సర్వర్‌కు పడవు. గోదావరి పక్కన కడతామా, 2022 జులై వరదలో మంచిర్యాల కాలనీల్లోకి నీళ్లు వచ్చినయి, కన్నెపల్లి, అన్నారం పంప్‌హౌస్‌లు మునిగినయి. ప్లాను గీసే ఇంజినీరుకు ఇవన్నీ తెల్వాలె. కాని ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్‌లలో బొగ్గు పొరలేని, వరద తాకని గట్టినేల లేదా? ఎకరాలకెకరాలుంది. రామగుండం గ్రిడ్ పక్కనే ఉంది. రాజధానికి రెండువందల కిలోమీటర్ల పైబడిన దూరం. ఒక నగరంలో మంట లేచినా, వరదొచ్చినా, ఇంకోచోట బతికి ఉండవలసిన రెండో దారికి ఇంతకంటే ఏం కావాలె?

నిజం చెప్పాలంటే డేటా సెంటర్ బిల్డింగ్‌తో వచ్చే కొలువులు తక్కువే. కట్టేటప్పుడు వేలమంది, కట్టినంక గేటు కాడ వాచ్‌మెన్, లోపల కొద్దిమంది టెక్నీషియన్లు. భూములిచ్చిన రైతు పిల్లలకు మిగిలేది ఆ గేటే. అసలు కొలువు వేరే ఉంది. రాత్రింబగళ్లు మూడు షిఫ్టుల్లో నెట్‌వర్క్‌ల మీద కన్నేసి కూసునే పని. ఎవడు లోపలికొచ్చిండు, ఏ ఫైలు కదిలింది, ఎక్కడ పొగ లేస్తున్నదని చూసే పని. మూడు షిఫ్టుల కాపలా మన తాతల నుంచి వచ్చిన విద్య కాదా? మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని కాలేజీల్లో డిగ్రీలు, బీటెక్‌లు చేసి అమీర్‌పేట హాస్టళ్లలో సర్టిఫికెట్లు మోస్తున్న బొగ్గుబిడ్డలు వేలమంది. డిస్కంలు, జెన్‌కో, సింగరేణి, ఆర్టీసీ, రెవెన్యూ.. అన్నింటికీ కలిపి ఒక సొంత భద్రతా కేడర్ పర్మనెంట్‌గా పెట్టి, అందులో సగం పనిని ఈ బెల్ట్‌లో కూసోబెడితే ఏం నష్టం? ఆ పనికి కావలసింది మంచి లైను, మంచి జీతం, ఉద్యోగ భద్రత. కాంట్రాక్టర్ మాత్రం అక్కర్లేదు. అదే వాళ్ల బాధ.

తాళంచెవి ప్రైవేటు చేతిలో ఉంటే ఏమైతదో ధరణి చెప్పింది. 2020 అక్టోబరులో మొదలైన ఆ పోర్టల్ నాలుగేండ్లు ప్రైవేటు సంస్థ నడిపింది. భూమి లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయని ఊరూరా అనుమానం. చివరికి 2024లో ఎన్ఐసీకి అప్పగించాల్సి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి అన్నారు. పేరు మారింది, సంతోషం. పాత కాపీలు ఎవరి దగ్గర, ఎన్ని మిగిలాయో రాసి సంతకం పెట్టిన కాగితం ప్రజల ముందు పెట్టాలె.

'ఇవి సెక్యూరిటీ విషయాలు, బయటికి చెప్పరాదు' అంటరు. గోడ ఏ ఇటుకతో కట్టారో చెప్పమని ఎవరడిగిండు? గోడ ఉందా లేదా అని అడుగుతున్నం. చట్టాలకు కొదువలేదు. దాడి జరిగితే ఆరు గంటల్లో చెప్పాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశించింది. 2023 డేటా రక్షణ చట్టంలో రూ.250 కోట్ల దాకా జరిమానా ఉంది. అదే చట్టంలో తనకు నచ్చిన ప్రభుత్వ సంస్థలను కేంద్రం మినహాయించుకునే కిటికీ కూడా ఉంది. దుకాణదారునికి దండన, దొరకు మినహాయింపు.

అందుకే ఉద్యోగులు, విద్యార్థులు ఈ నెల ఒక పని చేయండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి. ఎన్పీడీసీఎల్‌కు హనుమకొండకు ఒకటి, సింగరేణికి కొత్తగూడేనికి ఒకటి, రాష్ట్ర ఐటీ శాఖకు హైదరాబాద్‌కు ఒకటి. నాలుగే ప్రశ్నలు. మీ రికార్డుల రెండో కాపీ ప్రధాన సర్వర్ ఉన్న నగరానికి బయట ఉందా? ఆ కాపీ నుంచి మళ్లీ పని మొదలుపెట్టి చూసిన చివరి తేదీ ఏది? బయటి ఆడిటర్‌తో భద్రతా తనిఖీ చేయించిన చివరి ఏడాది ఏది? ఆ కంప్యూటర్ల కాపలా పనిలో పర్మనెంట్ ఉద్యోగులెందరు, కాంట్రాక్టు వాళ్లెందరు? మూడోసారి చెప్తున్న, పాస్‌వర్డ్ అడగొద్దు, సర్వర్ అడ్రస్ అడగొద్దు, అడిగితే దాన్నే సాకు చేసి నాలుగింటికీ జవాబు ఎగ్గొడతరు. ఒక్కో దరఖాస్తుకు పది రూపాయల పోస్టల్ ఆర్డర్. ముప్పై రోజులు గడువు. జవాబులు వచ్చినా, రాకున్నా కవరుతో సహా మాకు పంపండి. వచ్చినవి వచ్చినట్టు, రానివాళ్ల పేర్లు హోదాలతో సహా ఈ పేజీలోనే వేస్తం.